నిచ్చెన మీది నుంచి

రుచిత మంచం మీద రెండు పుస్తకాలు పరిచింది.
ఒకటి దళసరి, నూనె రాసినట్టు మెరుస్తది,
ప్రపంచంల ఎన్నో నంబరో మొదటి పేజీలనే ఉన్నది.
రెండోది పలచన. పిన్ను ఊడొస్తున్నది.
"నువ్వేమంటవ్ బాపూ?"

పది తప్పినోణ్ని, నేనేమంట?
కానీ బిడ్డా, ఆ రెండిట్ల ఏసీలు బాగుచేసినోణ్ని.

దుబాయిల పెద్దదాంట్ల
క్లాసు నడుస్తుంటెనే నిచ్చెనెక్కి జాలీ విప్పిన.
కింద నాలుగు వందల కుర్చీలు.
తెర మీద సారు మొఖం గోడంత,
అసలు సారు అగ్గిపుల్లంత.
ఆఖరు వరుసల ఒక పిలగాడు చెయ్యెత్తిండు.
నేను ఫిల్టరు దులిపి, తుడిచి, మళ్ల బిగించేదాక
ఆ చెయ్యి అట్లనే ఉన్నది.
తర్వాత దాంతోనే తల గోక్కున్నడు.
పేరున్న సార్లు పై అంతస్తుల
పరిశోధనల ఉంటరట.
ఆడ ఏసీ ఎన్నడూ చెడిపోదు.

రస్ అల్ ఖైమాది చిన్నది.
సెప్టెంబరు ఎండ, కంప్రెసర్ కాలిపోయింది.
పదకొండు మంది నోటుబుక్కులతో విసురుకుంటున్నరు.
ఇంతిసార్ అని సూడాన్ మేడం
ఒక పిల్ల పక్కన కుర్చీ జరుపుకొని కూసున్నది.
తప్పు లెక్కను కొట్టెయ్యలే.
"ఏడ దారి తప్పినవో నువ్వే చూపియ్" అన్నది,
నాకొచ్చిన ఇంగ్లీషుకు అంత సమజైంది.
గంట అయిపోయినా ఇద్దరూ లేవలే.

స్పానర్లు సర్దుకుంటుంటే నన్నూ పేరడిగింది.
పద్దెనిమిదేండ్ల సంది ఈ దేశంల
అందరూ అడిగింది నా కార్డు నంబరే.
మొదలు బోచయ్య అన్నది,
ఆగి, పెదవులు సరిచేసుకొని,
పోచయ్య అన్నది.

"లైబ్రరీ ఒక్కటే గదట" అన్నది రుచిత.
నిజమే.
"అజ్మాన్ నుంచి పోను గంటన్నర."
అదీ నిజమే.
మీ అమ్మ వంటింట్ల నుంచి,
"జగిత్యాలల ఎవరన్న అడిగితె
ఆ కాలేజి పేరు చెప్తె తెలుస్తదా?" అన్నది.
తెలువదు.
ఏసీ సుత మళ్ల మొరాయిస్తనే ఉంటది,
పాత మోడలు.

రుచిత చానాసేపు ఏమనలే.
మెరిసే పుస్తకం తిప్పింది, మూసింది.
కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు పోయింది.

"బాపూ, ఆ ఆఖరు వరుస పిలగాడు
ఏమడుగుదామనుకున్నడో?"

నాకేం ఎరుక బిడ్డా.
ఎవరికీ ఎరుకలేదు.

ఆమె పలచని పుస్తకం ఒళ్లకు తీసుకొని
ఊడొస్తున్న పిన్నును
గోటితో మెల్లగ లోపలికి నొక్కుతున్నది.