గ్రేడింగు

టంగుటూరు పొగాకు కంపెనీలో
పద్దెనిమిదేళ్లుగా నా పని ఇదే.
బేలు విప్పడం,
ఆకుని వేళ్ల మధ్య ఒకసారి జార్చడం,
ఏ కుప్పది ఆ కుప్పలో వెయ్యడం.
పసుపు వేరు, నారింజ వేరు,
పచ్చ దిగనిది వేరు, మచ్చ పడింది వేరు.
కళ్లతో పన్లేదు. వేలే చెబుద్ది.

ఇంటికొస్తే మాత్రం
అప్పులన్నీ ఒకటే కుప్ప.
ఎవడు గట్టిగా అరిస్తే వాడికిచ్చేవాళ్లం.
మర్యాదగా అడిగినవాడికి
వచ్చే నెల.

మొన్న ఆదివారం రాత్రి కరెంటు పోయింది.
చార్జింగు లైటు కింద
పాత కేలెండరు కాగితం ఒకటి చించి, తిరగేశా.
"ఒక్కొక్కటే చెప్పు మాలకొండయ్యా,
నే రాస్తా."

సొసైటీ బ్యాంకులో నా గాజులు, డెబ్బై వేలు.
గ్రూపు లోను, పదో తారీకు,
తప్పితే పదిమందీ మాటపడాల.
ఆటో కిస్తీలు ఇంకా పద్నాలుగు.
కొండపి షావుకారు నోటు, నూటికి మూడు,
మూడేళ్లుగా వడ్డీ కడతానే ఉన్నాం,
అసలు మాత్రం అక్కడే కూర్చుంది
పెళ్లికొచ్చి పోవడం మరిచిన చుట్టంలా.
సందేళ బండి మీదొచ్చే బుజ్జిబాబుకి
రోజూ రెండొందలు.
మా చిన్నాడబిడ్డ ఇచ్చిన ఇరవై.
దానికి వడ్డీ లేదు, కాగితం లేదు,
అందుకే ఆమె ఎదురైతే
నాకు చెంగు సర్దుకునే పని పడుద్ది.

"అంతేనా?"

ఆటో తాళాలు అటూ ఇటూ తిప్పాడు.
లేని దోమని చరిచాడు.
"ఫోన్లో ఒకటి తీశా.
క్లచ్చు పోయినప్పుడు. పన్నెండు వేలు.
ఇప్పటికి పంతొమ్మిది కట్టా.
ఇంకా తొమ్మిదంటున్నారు."

చెమ్మాకు సంగతి నాకు తెలుసు.
పైకి అన్నిట్లానే ఉంటది.
బేలు నడుమ పెట్టి అణిస్తే
లోలోపల ఉడికి
చుట్టూ ఉన్న మంచాకుని కూడా నల్లబరుస్తది.

అరవాలనే అనిపించింది.
అరిస్తే రేపటినుంచి
ఇంకో ఆకు బేలు నడుమకే పోద్ది.
ఆ తొమ్మిది వేలని
అన్నిటికన్నా పైన రాశా.

"కట్టకపోతే
ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ నా ఫొటో పంపుతారంట."
"పంపనీ. ముందు మనమే చెబుదాం."

ఆ రాత్రే గ్రేడు చేశా,
అరుపుని బట్టి కాదు, వడ్డీని బట్టి.
ఫోను ముందు. దానెనక బుజ్జిబాబు,
తీరేదాకా వాడి దగ్గర కొత్తగా రూపాయి ముట్టకూడదు.
ఆనక షావుకారు.
గాజులకి తొందర లేదు,
ఇనప్పెట్టెలో చల్లగా ఉన్నాయి.
ఆడబిడ్డ ఏ కుప్పలోకీ రాలేదు.
నెలకి ఐదొందలు రాశా
తలెత్తి పలకరించడానికి.

"చీటీ పాడితేనో?"
"పాడితే అప్పుకి పేరు మారుద్ది, అంతే."

సందేళ స్టాండు దగ్గర బజ్జీలు, టీలు,
నెలకి తొమ్మిదొందలు తేలాయి.
"అవి కూడానా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.
వారానికోసారి ఉంచా.
మరీ ఎండగడితే
ఎంత మంచాకైనా చేతిలోనే పొడైపోద్ది.

సోమవారం బల్ల దగ్గర
ఫోను అప్పు సంగతి నేనే చెప్పా.
నవ్వుతారనుకున్నా.
పక్కనున్న నాంచారమ్మ
ఆకు మీంచి చూపు తిప్పకుండా
"మా ఇంట్లో రెండు" అంది.
ఆ తర్వాత చానాసేపు
ఆకు చప్పుడే.

ఈ నెలాఖరుకి
బియ్యం, గ్యాసు, మౌనిక ఫీజు,
రాసుకున్న కిస్తీలన్నీ పోను
అరవై రెండు రూపాయలు మిగిలాయి.

అప్పు కాదు. ఖర్చూ కాదు.
వేళ్ల మధ్య ఒకసారి జార్చి చూశా.
ఇట్టాంటి ఆకు
ఎప్పుడూ చేతికి రాలా.
ఏ కుప్పలో వెయ్యాలో తెలీక
కాసేపు ఊరికే
పట్టుకుని కూర్చున్నా.