పదకొండు వంశాలు, ఒకే ఆహారం

షెఫీల్డులో వాన నిలబడి కురవదు,
కొండ దిగుతూ కురుస్తుంది.
మొదటి ట్రాము దిగి నేను ల్యాబు తలుపు తీసేసరికి
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
పదకొండు వంశాలు గులాబి నీళ్ళు తాగుతుంటాయి.

గోథెన్‌బర్గ్ నుంచి రెండు, మెల్‌బోర్న్ నుంచి మూడు,
బ్రస్సెల్స్ నుంచి మూడు, ఒకే పెట్టెలో.
హైఫాది ఒకటి.
సియోల్‌దాన్ని కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తే
పొడి మంచు పొగలో రెండు రోజులు కాచుకుని వచ్చింది.
మిగిలిన నాలుగో నంబరు మా ఊరిదే.

ప్రశ్న చిన్నది: ఇవన్నీ ఒకటేనా?
ఇంకా గుండె కానివి, ఎముక కానివి, కంటిరెప్ప కానివి.
ఏదైనా కాగలిగీ
ఐదో రోజు దగ్గరే ఆగిపోయినవి.

మా తాత శాన మీద కత్తులు పట్టేవాడు.
రాలే రవ్వల రంగు చూసి
ఉక్కులో బొగ్గుపాలు ఎంతో చెప్పేసేవాడు.
"ఒక్క కొలిమిలో పుట్టినా
రెండు కత్తులు ఒక్కలా మోగవు పిల్లా" అనేవాడు.
నేనూ వెలుగే చూస్తాను, చీకటి గదిలో, కటకం కింద.
ఆక్ట్ ఫోర్ ఉంటే ఆకుపచ్చ, నానోగ్ ఉంటే ఎరుపు.
పదకొండూ వెలిగాయి.
ఇంగెబోర్గ్ పట్టికలో పదకొండు టిక్కులు పెట్టింది.

పట్టికలో పట్టనివి నా దగ్గరున్నాయి.
తొమ్మిదోది పళ్ళేన్ని కొంగులా పట్టుకుని వదలదు.
రెండోదాన్ని శుక్రవారం కదిపితే
సోమవారం దాకా అలుగుతుంది.
ఆడ వంశాల్లో ఒకటి తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చింది,
ఒకటి పుచ్చలేదు,
ఇంకొకటి పుచ్చి, ఆ సంగతే మరిచింది.
నాలుగోది మరీ నెమ్మది.
పాత్రలో అంచున, మాట్లాడని పిల్లలా.

ఆరోది మాత్రం పరుగు!
మిగతావి ముప్పై ఆరు గంటలకు రెట్టింపైతే
అది ఇరవై రెండుకే.
ఏ పళ్ళెంలో వేసినా బతికేది, ఎవరి చేతికైనా ఒదిగేది.
దానికి మంచి అర ఇచ్చాం. వచ్చినవాళ్ళందరికీ చూపించాం.

ఒక మంగళవారం రుఖ్సానా క్రోమోజోముల ఫోటో తెచ్చి
మాట్లాడకుండా నా ముందు పెట్టింది.
పన్నెండో జత జత కాదు.
మూడున్నాయి.

వాపును చూసి బలుపనుకున్నాం.

పాపం, దాని తప్పేముంది?
వారం వారం ముందు నిండిన మూలనుంచే
తర్వాతి పళ్ళేనికి ఎత్తి పోసింది నా పిపెట్టే.
చావడం చేతకానివాటిని ఏరి ఏరి
ఆరోగ్యం అని పేరు పెట్టింది నేనే.
తాతకు తెలిస్తే ఏమనేవాడో.
శాన ఆపి, నీళ్ళు చల్లి, ఊరుకునేవాడేమో.

ఆ రాత్రి అంగీకార పత్రాలు తీశాను,
నంబర్లు సరిచూడాలి.
పేర్ల మీద నల్ల గీతలు, ఊళ్ళ మీద నల్ల గీతలు.
నాలుగోదాని కాగితం అడుగున,
"ఇంకేమైనా చెప్పదలిస్తే" అన్న గళ్ళో,
నీలి సిరాతో, వంకర అక్షరాలతో:
"ఫ్రీజరు అద్దె ఇక కట్టలేం.
ఖాళీగా కూర్చోబెట్టకండి, ఏదో ఒక పని చెప్పండి."
ఆ గీతల కింద ఆమె ఎవరో.
ఈ కొండ మీదే, ఏ బస్సులోనో
నా పక్క సీట్లో ఎన్నిసార్లు కూర్చుందో.

రెండు వారాలు పోయాక ఆదివారం,
డ్యూటీ నాది కాకపోయినా వచ్చాను.
నాలుగో పళ్ళెంలో, ఓ మూల,
ఆవగింజలో పదోవంతు
కొట్టుకుంటోంది.
ఆగి, మళ్ళీ.
ఎవరి ఛాతీ లేకుండానే.

ఇంగెబోర్గ్‌కు ఫోన్ చేద్దామని తీసి, లోపల పెట్టేశాను.
కాసేపు నేనొక్కదాన్నే చూడాలనిపించింది.

సోమవారం దాని మిగులు కణాలు చల్లబరిచి
సీసా మీద పెన్సిలుతో రాశాను.
స్పిరిటు సిరాను తుడిచేస్తుంది, పెన్సిలును కాదు.
"నాలుగు. ముప్పై ఒకటో తరం.
నెమ్మది. తొందర పెట్టొద్దు."