రెండు పాయింట్ రెండు

మూడోసారి కాలింది ఆసుపత్రి నీళ్ళ మోటారు.
మొదటిసారి పిడుగన్నారు.
రెండోసారి చుట్టిన చెయ్యి మంచిది కాదన్నారు.
ఆ చెయ్యి నాదే.
మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు,
నా వైపు చూసి ఊరుకున్నారు.

కిట్వేలో మా షాపు.
ఒక పక్క గని కక్కిన నల్లటి చిట్టెపు గుట్ట,
ఇంకో పక్క ఎండుచేపల సంత.
కాలిన మోటార్లు విప్పి, మాడిన తీగ లాగేసి,
కొత్త తీగ చుట్టడం నా పని.
తొమ్మిదేళ్ళుగా గోళ్ళ కింద వార్నిష్ వాసన.

బా కసూబా మోటారు ముట్టుకోనైనా లేదు.
"కరెంటు దీని దాకా నడిచొచ్చే దారి చూపించు చిబేసా" అన్నాడు.

మసుకు చెట్ల కింద నూరు మీటర్ల దారి.
నూరని రాయబోతే పెన్సిలు పట్టుకున్నాడు.
"పోయేది నూరు, వచ్చేది నూరు.
గనిలో దిగడమే కాదు, ఎక్కి రావడమూ దూరమేనమ్మా."
ముప్ఫై ఏళ్ళు దిగినవాడు. రెండొందలని రాశాను.

మర్నాడు వెలుగు రాకముందే వెళ్ళాం.
ఎండెక్కితే తీగకీ చిరాకు,
ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.
ఫ్యూజు పీకి తన జేబులో వేసుకున్నాడు.
అవతలి కొసన రెండు పోగులూ కలిపి మెలేశాను.

తీగకి పెట్టకముందు
మీటరు ముళ్ళు రెండూ ఒకదానికొకటి తాకించాడు.
సున్నా పాయింట్ మూడు.
"ఇది తూచేవాడి చేతుల బరువు. ముందు తీసెయ్."
తర్వాత తీగకి పెడితే రెండు పాయింట్ ఐదు.
తీసేస్తే, రెండు పాయింట్ రెండు.

పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది,
లావెక్కితే తగ్గుతుంది.
బడిలో అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న మాటే.
ఇప్పుడు ఆసుపత్రి మెట్ల మీద,
చింపిన సిమెంటు సంచి మీద,
నా పరువు కోసం చేస్తున్నాను.

పొడవు రెండొందల మీటర్లు.
అడ్డంగా కోస్తే రెండున్నర చదరపు మిల్లీమీటర్లు.
మిగిలింది కోసినా సాగదీసినా మారనిది.
పుస్తకంలో దాని పేరు విశిష్ట నిరోధం.
"పుట్టుక" అన్నాడు బా కసూబా.
కాసేపాగి, "ఊహూఁ, నడత" అని దిద్దుకున్నాడు.

రాగి నడత పాయింట్ సున్నా ఒకటి ఏడు.
రెండొందలతో హెచ్చించి రెండున్నరతో భాగిస్తే
ఒకటి పాయింట్ మూడు ఆరు.
మీటరు మాత్రం రెండు పాయింట్ రెండంది.
ఇంకోసారి చేశాను.
ఉమ్మి తడిచేసి ముళ్ళు తుడిచి మరీ కొలిచాను.
కదల్లేదు.

"అయితే వెనక నించి నడువు" అన్నాడు.
రెండు పాయింట్ రెండుని రెండున్నరతో హెచ్చించి
రెండొందలతో భాగించాను.
పాయింట్ సున్నా రెండు ఏడు, పైన కొంచెం చిల్లర.
ఆ అంకె వినగానే,
చీకట్లో దగ్గు విని మనిషిని పోల్చుకున్నట్టు
చాకు తీసి తీగ గీరాడు.

పైన ఎర్రన.
ఒక్క వెంట్రుకవాసి కిందికి పోతే తెల్లన.
అల్యూమినియం. రాగి పూత.
పైన పటారం, బిల్లు మీద రాగి ధర.

పది ఆంపియర్లు నడిస్తే
ఇరవై రెండు ఓల్టులు దారే తాగేస్తోంది.
మోటారు లేవబోయే క్షణాన అయిదింతలు అడుగుతుంది,
అప్పుడు దానికి అందేది అరకడుపు.
లేవలేక మూలిగి మూలిగి
నేను చుట్టిన చుట్టలోనే మాడి చచ్చేది.
నా చుట్టలో తప్పు లేదు.
గట్టిగా అరిచి చెబుదామంటే
అంత పొద్దున్నే మెట్ల మీద ఎవరున్నారు?

ఉన్నది సిస్టర్ నముకోలో ఒక్కతే.
కాన్పుల గదికి రెండు చేతులా బకెట్లు.
సంచి కాగితం చూపించి మొదటినించీ చెప్పాను.
ఓపిగ్గా విని, "నీళ్ళెప్పుడొస్తాయి?" అంది.

"అసలు రాగి దొరికిన రోజు."

బకెట్లు దించింది.
చెట్ల మీదుగా గని పొగగొట్టాన్ని చూసింది,
దాని కిందుగా రాగి పలకలెత్తుకుని
సముద్రం దిక్కు పోతున్న లారీల వరసని చూసింది.
"ఇక్కడా?" అంది.
నవ్వింది, బకెట్లు వొలికేలా.