గీతలున్న గ్లాసు

మర్రిగూడ దిక్కు మా ఊళ్ళె
ఒక్క బోరింగు నీళ్ళే ఇద్దరం తాగినం.
నాకు పండ్లు గార పట్టినయి,
మా చెల్లె ఎలీశమ్మకు మోకాళ్ళు బిగుసుకపోయినయి.

సండే స్కూల్ల వాక్యాల పోటీ నాడు
నాకు పదమూడు, దానికి పది.
ముప్పై రెండు వాక్యాలు ఆగకుండ చెప్పిన.
ముప్పై మూడోది, కానుకను అక్కడ్నే విడిచి
‘మొదట వెళ్ళి...’
అంతే. మిగిలిన మాట మందిరం రేకుల్ల ఎక్కడనో చిక్కింది.
ఎదురుంగ దాని పెదవులు మెదులుతున్నయి,
అందిస్తున్నదో
ఎక్కిరిస్తున్నదో
ఇప్పటికీ తెల్వది.

బహుమతి స్టీలు గ్లాసు.
చండూరు బజార్ల చుక్కలు చుక్కలుగ
దాని పేరు కొట్టిచ్చిండు అయ్యగారు.
ఆ పూట మా నాయిన అండ్లనే చాయ తాగిండు.
రాత్రి కందిలి తగ్గిచ్చి
మేకుతోని ఆ పేరు గీకిన.
తెల్లారి చూసింది. ఏమనలే.
కడుక్కొని నీళ్ళు ముంచుకున్నది.

అది అనకపోవుడే నాకు ముల్లయింది.
నలభై ఏండ్లు ఆ ముల్లును
దాని మీది కోపమని పిలుచుకున్న.
ఒక్క మందిరం, రెండు చాపలు.
నేను పాట ఎత్తుకుంటే అది దగ్గేది,
అది ప్రార్థన చేస్తే నేను ‘ఆమెన్’ మింగేదాన్ని.

మొన్న మొదటి ఆదివారం, బల్ల కాడ
చిన్న గ్లాసుల పళ్ళెం జారి పగిలింది.
‘ఎవరింట్లదన్న ఒక్క గ్లాసు తేండ్రమ్మ’ అన్నది పాస్టరమ్మ.
పక్కిల్లు ఎలీశమ్మది.

ద్రాక్షరసం వరుసల నా దాక వచ్చింది.
మోకాళ్ళ మీద ఉండి
రెండు చేతుల పట్టుకున్న.
బొటనవేలికి తగిలినయి
నా గీతలు.
చివర ‘మ్మ’ ఇంక మిగిలే ఉన్నది,
ఆ రాత్రి మేకు వంగిందేమో.

తాగబుద్ధి కాలె.
గోడకు ఆనుకొని అదొక్కతే నిలబడ్డది, వంగరాదు గద.
లేసిన. చాపలు దాటుకుంట పోయిన.
పాస్టరయ్య ఒక కన్ను తెరిచి చూసిండు.
గ్లాసు దాని ముంగట పట్టిన.
అడగాల్సిన మాట
నాలిక మీదికి రాలె.

ఎలిశి గ్లాసు అందుకోలె.
పదేండ్ల పిల్ల లెక్క మూతి తిప్పి,
‘మొదట వెళ్ళి... తర్వాత ఏందక్కా?’

‘నువ్వే చెప్పు.’

‘ఉహూ. నీ వాక్యం. నువ్వే చెప్పాలె.’

వెనుక ఎవరో దగ్గిండ్రు.
నా చెయ్యి వణికి
రసం మా ఇద్దరి వేళ్ళ మీద ఒలికింది.