పాత కేబుల్

బ్యూట్‌లో మే నెల చివరిదాకా మంచు వదలదు.
వదిలిన మర్నాడే మా షోరూం ముందు బళ్లు బారులు తీరతాయి.
మూడున్నర నెలల ఎండ.
ఏడాది తిండి అందులోంచే రావాలి.
ఇది మా ఓనరు మాట. మేం దాన్ని
జీతంతోపాటు జేబులో వేసుకుని తిరిగేవాళ్లం.

అలాంటి ఓ మంగళవారం వచ్చింది లోర్నా వూకొవిచ్.
ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడింది,
అద్దంలాంటి నేల మీద తన బూట్ల బురద చూసుకుంటూ,
ఇరవై నిమిషాలు.
సేల్స్ కుర్రాళ్లు ఆమె పక్కనుంచే నడిచారు,
కుర్చీ పక్కనుంచి నడిచినట్టు.
చివరికొకడు అడిగాడు: "మీ ఆయన రాలేదా?"
"వచ్చాడు," అంది. "శ్మశానం దాకా.
అక్కణ్ణుంచి నేనొక్కదాన్నే."

క్లచ్ బిగుసుకుపోతోందని ఆమె ఫిర్యాదు.
కౌంటర్లో నేను. కోరీ ట్రెవిథిక్, చొక్కా మీద కుట్టిన పేరు.
కేబుల్ మార్చాలన్నాను.
మార్చాం. పది రోజులకి మళ్లీ వచ్చింది.
లీవరన్నాం.
తర్వాత ప్లేట్లన్నాం.
ప్లేట్లు ఒహాయో నుంచి రావాలన్నాం;
అవి వెనకగదిలో మా అరలోనే ఉన్నాయి.
నీ వంతు ఇంకా రాలేదనడానికి
మా దగ్గర అదొక మర్యాదైన మాట.
ఫోన్ చేస్తే పాట వినిపించాం.
అది ఆమెకి కంఠతా వచ్చేసింది,
ఓ రోజు నాకే ఈలవేసి వినిపించింది,
నవ్వుతూ కాదు.
మూడు బిల్లులు, మూడూ నా చేతిరాతే.
ఎనిమిది వందల నలభై డాలర్లు.
ప్రతిదాని కిందా ఓ నవ్వుబొమ్మ గీశాను.
అలా గీయాలని మాకు శిక్షణ.

అనకొండాలో, పాత పొగగొట్టానికి ఇవతల,
టోయివో లాహ్తి అని ఒకడున్నాడు. మొరటోడు.
షాపుకి బోర్డు లేదు. కుర్చీ ఒకటే, దాని మీద కుక్క.
రమ్మనడు, కూర్చోమనడు.
క్లచ్‌ని రెండు వేళ్లతో నొక్కాడట. వదిలాడట. మళ్లీ నొక్కాడట.
గుడ్డతో చేతులు తుడుచుకుని
"బండి బాగానే ఉంది. నీ చెయ్యి చూపించు," అన్నాడట.

బొటనవేలి మొదట్లో వాపు.
ముప్పయ్యేళ్లు కుడిచెయ్యి తలుపులు తీస్తుంటే
స్టీరింగుని ఒంటరిగా మోసిన ఎడమచెయ్యి.

ఆమెకి ఒళ్లు మండింది.
"నేను డాక్టరు దగ్గరికి రాలేదు!"
ఆ అరుపుకి కుక్క లేచి బయటికి పోయింది.
అతను లీవరుని గోరంత దగ్గరికి జరిపి,
ఖాళీ అయిన కుర్చీ చూపించాడు.
డబ్బు తీసుకోలేదు.
కాఫీ ఇచ్చాడు, అదీ చల్లారింది.

ఇదంతా నాకు ఆమే చెప్పింది,
ఆగస్టులో, మా కౌంటరుకి మోచేతులు ఆనించి.
గొడవకి రాలేదు. మేనేజరుని పిలవమనలేదు.
"నా పాత కేబుల్ నాకిచ్చెయ్," అంది. అంతే.

వెనక తుక్కుడబ్బాలోకి భుజాల దాకా దిగాను.
చీటీ ఇంకా ఊడలేదు: వూకొవిచ్, నా అక్షరాలే.
ఎవరూ చూడకుండా, తొడుగు పట్టుకుని తీగ లాగాను.
వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు
వచ్చింది.

దాన్ని చుట్టచుట్టి తోలుకోటు లోపల పెట్టుకుంది.
గుమ్మం దగ్గర బండెక్కి
ఎడమచెయ్యి ఒక్కసారి విదిలించింది.
అప్పుడు చూశాను ఆ చేతిని,
వేసవంతా నా ముందు
కౌంటరు మీదే ఉన్నదాన్ని.

షాపు మూసేవేళ ఓనరు అడిగాడు:
"ఆ పెద్దావిడ గంటసేపుంది, ఏమీ కొనలేదా?"
"తనదే ఒకటి తీసుకెళ్లింది," అన్నాను.
దాన్ని ఏ పద్దులో రాయాలో
కంప్యూటరు ఇంకా అడుగుతోంది.