మూత తీస్తే బుద్ధిమంతుడు

తెయోదర్స్ దాన్ని మనవరాలి స్లెడ్జికి కట్టి
ట్రాము పట్టాల వెంట లాక్కొచ్చాడు.
ఓడల రేడియోలు బాగుచేసే షెడ్డులో
నలభై ఏళ్లు బల్ల దిగని పవర్ సప్లై.
"మూడువందల వోల్టుల దగ్గర నిలబడటం లేదు" అన్నాడు.
"నేనూ అంతే" అని కుర్చీ వెతుక్కున్నాడు.

లియెపాయలో నవంబరు. మూడున్నరకే లైటు వేశాను.

ఎడమ చెయ్యి జేబులో.
ఆస్ట్రిదా టీచరు నేర్పిన మొదటి పాఠం అదే:
రెండు చేతులూ లోపల పెట్టావా,
కరెంటు నీ గుండె మీదుగా అడ్డదారి వెతుక్కుంటుంది.
ప్లగ్గు పీకినా కెపాసిటర్లది పాము పగ,
రెసిస్టరు ఆనించి
ముల్లు సున్నాకి దిగేదాకా ఊపిరి బిగపట్టాల్సిందే.

మూత విప్పి స్విచ్చి వేశాను.
పెద్ద వాల్వు మెల్లగా నారింజరంగు తేలింది.
వెనక మూలన, చిటికెనవేలంత గాజులో
ఊదారంగు వెలుగు.
మూడువందలంటే ఎంతో తక్కిన అందరికీ చెప్పే పెద్దమనిషి అది.
ముల్లు కదలదు.
ఆపి, మూత బిగించి, మళ్లీ వేశాను.
నాలుగువందల ఇరవై!
విప్పాను. బుద్ధిమంతుడు.
డాక్టరు గుమ్మం దగ్గర దగ్గు ఆగిపోయే రోగి.

మూతకి ఏదో తీగ తగులుతోందనుకున్నాను, అట్టముక్క పెట్టాను.
ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాను.
వాల్వుల కాళ్లు తోమాను. స్క్రూలన్నీ బిగించాను.
ఒకటి విరిగింది.
పొగబెట్టిన చేప పట్టుకొచ్చి అతను అడిగాడు,
నేను చేప గురించే మాట్లాడాను.

మూడో రాత్రి, ఎక్కడైనా నిప్పురవ్వ దూకుతోందేమో చూద్దామని
మూత తీసే ఉంచి, గదిలో దీపం ఆర్పి
స్విచ్చి వేశాను.
మూలన గాజు వెలగలేదు.
ముల్లు పైకి, పైకి.
చెయ్యి స్విచ్చి మీదికి పోతుండగా
ఆఖరి ట్రాము వచ్చింది,
దాని వెలుతురు కిటికీలోంచి గోడ మీద పాకి
బల్ల దాటి
ఆ గాజును తాకింది.
ఊదారంగు!
ముల్లు జారి మూడువందల మీద కూర్చుంది.
ట్రాము పోయింది. అది వెలుగుతూనే ఉంది.

చీకట్లో తనంతట తాను అంటుకోలేదు, అంతే.
కుర్రతనంలో ఆ గాజులోనే
చిటికెడు నిప్పులాంటిదేదో ఉండేదట, చల్లారింది.
ఇప్పుడు ఎవరో ఒకసారి తట్టాలి.
మూడు రోజులుగా నేను చూద్దామని తెచ్చిన దీపమే
రోగాన్ని దాచిపెట్టింది.

వాల్వులకిచ్చే ఆరు వోల్టుల్లోంచే తీగ లాగి
దాని పక్కన గింజంత బల్బు పెట్టాను.

తెయోదర్స్ మూత కంతల్లోంచి ఒంటికన్నుతో చూశాడు.
"మా పిల్లా అంతే, చిన్న దీపం లేకపోతే నిద్రపోదు."
"ఇది లేవదు" అన్నాను.
బిల్లులో బల్బు ఒకటి అని రాశాను.

బయట మంచు కరిగిపోయింది.
రాళ్ల మీద గరగరమంటూ
స్లెడ్జి మూల తిరిగేదాకా వినపడింది.