రెండో గుంపు

గరివిడిలో ఇంకా తెల్లారలేదు.
ఫ్యాక్టరీ పొగ కింద షెడ్డులో ఒకటే లైటు.
కాటా మీద పంది పిల్ల నిలవదు,
అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టేది నేనే.

మొదటి గుంపుకి పాలల్లో స్పెర్మిన్,
చిటికెడు కూడా కాదు, గోటి మీద తెల్లమచ్చంత.
తల్లిపాలలో ఉండేదే, సీసాలో కొన్నాం.
రెండో గుంపుకి ఉత్త పాలపొడి నీళ్ళు.
పేగుల్లో నూగు ఎంత మొలిచిందో
కాలేయానికి ఎంత తుప్పు పట్టిందో
పదో రోజున కోసి చూడాలి.
తుప్పు అని రికార్డులో రాయకూడదు,
ఆక్సీకరణ ఒత్తిడి అని రాస్తాను.

తొమ్మిదో రోజుకి
రెండో గుంపే బరువెక్కింది.
కాటా మార్చాను. సీసాల చీటీలు
మళ్ళీ మళ్ళీ చదివాను.

అసిరమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.
"అయి రేత్రంతా అరుస్తన్నాయమ్మా.
ఆటికేటీ ఎయ్యనేదు కదా నువ్వు.
చోడంబలి పోసినాను, రెండు చెంబులు."

ఎనిమిది నెలల పని
ఆ చెంబులో మునిగింది.
కేకలేద్దామని నోరు తెరిచాను.
పదకొండో నంబరు పిల్ల నా వేలు పట్టుకుని
పాలొస్తాయనుకుని చీకుతోంది.

గైడుకి ఫోన్ చెయ్యాలి.
పలాస ప్యాసింజరు చీపురుపల్లి వైపు పోయేదాకా
పెన్ను మూత తియ్యలేదు.
తరవాత, ఆహారం అన్న గడిలో,
చోడంబలి, రెండు చెంబులు, రోజూ రాత్రి.

"అయితే రేపు కొయ్యరు గదేటి?" అంది అసిరమ్మ
చెంబు తోముతూ,
నా వైపు చూడకుండా.